ఒడ్డును కాచే రాయి పక్క ఒడ్డును మరవకూడదు

తెల్లవారక ముందే చింతాద్రిపేటలో రెండు చప్పుళ్ళు మొదలవుతాయి. ఒకటి బిందెలది. కుళాయి దగ్గర, చేతిపంపు దగ్గర, లారీ ఆగిన చోట ప్లాస్టిక్ బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. రెండోది చేపల మార్కెట్టుది. కాశిమేడు నుంచి వచ్చిన బండ్లలోంచి ఐసు పెట్టెలు దించే చప్పుడు, బేరాల చప్పుడు. మన ఆడవాళ్ళ పొద్దు ఈ రెండు చప్పుళ్ళ మధ్యే మొదలవుతుంది.

బిందెలోకి వచ్చే నీళ్ళు చెరువువి. గంపలోకి వచ్చే చేప సముద్రానిది. చెరువు మనకు దూరం, సముద్రం కాస్త దగ్గర. కానీ రెంటికీ ఒక ఒడ్డు కావాలి. చెరువు కట్ట నిలవకపోతే బిందెలో నీళ్ళు లేవు. సముద్రపు ఒడ్డు నిలవకపోతే చేప పట్టేవాడికి పడవ లాగి పెట్టుకునే చోటు లేదు. ఈ రెండు ఒడ్లనూ రాత్రనక పగలనక తినేది ఒకటే. అది అల.

అల నుంచి ఒడ్డును కాపాడడానికి మనిషి కనిపెట్టిన పాత ఉపాయం రాయి. రాయి వేస్తే ఒడ్డు నిలుస్తుంది, అది నిజమే. అయితే ఎక్కడ వేశాం, ఎలా వేశాం, పక్కవాడి ఒడ్డు సంగతి చూసుకున్నామా అన్నది అసలు విషయం. ఈ మాట మన మద్రాసుకు తెలిసినంత బాగా ఇంకో ఊరికి తెలియదేమో.

మన పేట, మన నీళ్ళు

చింతాద్రిపేట పుట్టిందే మగ్గం కోసం. 1734లో, జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా ఉన్న రోజుల్లో, కూవం నది మూడు వైపులా చుట్టి వచ్చే ఈ నేలలో కంపెనీవాళ్ళు నేతపల్లె కట్టించారు. అంతకు ముందు ఇది సుంకురామ చెట్టి గారి తోట. నేతవాళ్ళనూ, నూలు వడికేవాళ్ళనూ, బట్ట ఉతికేవాళ్ళనూ, అద్దకం వాళ్ళనూ తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించారు. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట అన్న మాటే చింతాద్రిపేట అయిందని పెద్దలు చెబుతారు. తరవాత పెరంబూరులో మిల్లులు వచ్చాయి. చేతిమగ్గం వదిలి మరమగ్గానికి పోయిన కుటుంబాలు ఎన్నో.

మగ్గానికీ అద్దకానికీ నీళ్ళు కావాలి, మనిషికీ నీళ్ళు కావాలి. 1872 నుంచి ఈ పట్నానికి నీళ్ళిచ్చిన తల్లి రెడ్‌హిల్స్ చెరువు. పుళల్ ఏరి అంటారే, అదే. మన చిత్తూరు వైపు నుంచి వచ్చే కుశస్థలి నదికి తామరైపాకం దగ్గర అడ్డం కట్టి, చోళవరం చెరువు మీదుగా నీళ్ళను రెడ్‌హిల్స్‌కు మళ్ళించారు. అక్కణ్ణుంచి కీల్పాక్‌కు తెచ్చారు. 1944లో పూండి వచ్చింది. 1983లో రామారావు గారూ ఎంజీఆర్ గారూ చేసుకున్న ఒప్పందం వల్ల 1996లో కండలేరు కాలువ మీదుగా కృష్ణా నీళ్ళు పూండికి చేరాయి. మన తెలుగు నేల నీళ్ళే మన బిందెలోకి వచ్చాయని ఆ రోజు మన పేటల్లో సంబరపడినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

రెడ్‌హిల్స్ నిండితే 330 కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు. అంత నీటినీ ఆపి ఉంచేది మట్టికట్ట. నమ్మబుద్ధి కాదు గానీ అంతే. మట్టి, దాని మీద పరిచిన రాయి. 2019 ఎండాకాలంలో ఆ చెరువు బీటలు వారిన నేలగా మారినప్పుడు మనం బిందెలు పట్టుకుని లారీ వెనక పరిగెత్తాం. చెరువు ఎండితే ఎంత కష్టమో అప్పుడు చూశాం. చెరువు నిండినప్పుడు కట్టకు ఎంత కష్టమో మనం చూడం, ఎందుకంటే అది మన కళ్ళ ముందు జరగదు.

అల ఎక్కడ పుడుతుంది?

సముద్రంలో అలలుంటాయి, చెరువులో అలలేమిటి అనుకుంటాం. వానాకాలంలో నిండిన చెరువు కట్ట మీద, గాలి వీచే రోజున ఒక గంట నిలబడితే తెలుస్తుంది. అలను పుట్టించేది గాలి. గాలి ఎంత జోరుగా వీచింది, ఎంతసేపు వీచింది, నీటి మీద ఎంత దూరం అడ్డు లేకుండా పరిగెత్తింది అనే మూడూ కలిసి అల ఎత్తును తేలుస్తాయి. చిన్న కుంటలో గాలికి పరుగుపెట్టే చోటు లేదు, కాబట్టి చిన్న చిన్న మడతలే లేస్తాయి. పెద్ద చెరువులో ఆ మడతే అవతలి ఒడ్డుకు చేరేసరికి అల అవుతుంది.

ఇంజనీర్లు చాలా కాలంగా వాడే లెక్క ఒకటి ఉంది. దాని ప్రకారం నాలుగు కిలోమీటర్ల నీటి మీద గంటకు 100 కిలోమీటర్ల గాలి వీస్తే, అవతలి ఒడ్డున లేచే అల దాదాపు ఒక మీటరు. అంటే మూడడుగుల పైచిలుకు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను మన పట్నం మీదుగా పోయినప్పుడు అంతకు మించిన గాలే వీచింది. చెట్లు పడిపోవడం మనం చూశాం. ఆ గాలి నిండు చెరువు మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోల బరువు. ఆ బరువు మళ్ళీ మళ్ళీ ఒకే చోట వచ్చి కొడుతుంటే మట్టి ఎంతసేపు ఆగుతుంది?

ఇంకొక సంగతి ఉంది. మన వైపు నేల తూర్పుకు వాలుగా ఉంటుంది. అందుకే చాలా చెరువులకు కట్ట తూర్పు పక్కనా, నీళ్ళు పడమటి పక్కనా ఉంటాయి. మామూలు ఈశాన్య గాలికి అలలు కట్టకు ఎదురుగా రావు, పడమటి వైపుకు పోతాయి. తుఫాను సముద్రంలో ఉండి దగ్గర పడేటప్పుడు ఒడ్డున గాలి ఉత్తరానికీ వాయవ్యానికీ తిరుగుతుంది. అప్పుడు అలలు నేరుగా కట్ట మీదికి తిరుగుతాయి. పల్లెల్లో కట్ట కాసే నీరటికాడు గాలి తిరిగిందంటే రాత్రంతా లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. చెరువు నిండేదీ తుఫాను వచ్చేదీ ఒకే కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కట్టకు అసలు పరీక్ష అప్పుడే.

మట్టి మీద రాతి పరుపు

మన పెద్దలకు ఇదంతా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో, 1369 నాటి శాసనం అక్కడ రాతి మీద ఉంది. చెరువు కట్టాలంటే ఏమేమి ఉండాలో పన్నెండు అంగాలుగానూ, ఏమేమి ఉండకూడదో ఆరు దోషాలుగానూ అందులో చెప్పారు. గట్టి రాతితో కట్టిన కట్ట ఉండాలనీ, పొడుగాటి మంచి రాయి దొరికే గని దగ్గరలో ఉండాలనీ ఆ అంగాల్లో ఉంది. కట్ట నుంచి నీళ్ళు కారడాన్ని మొదటి దోషంగా చెప్పారు. ఆ చెరువు పనికి రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళు పట్టాయని కూడా రాశారు. రాజు పేరుతో పాటు కూలీల లెక్క కూడా రాతికెక్కడం అరుదు. అది చదివినప్పుడు మన మిల్లు గేటు ముందు తెల్లవారుజామున నిలబడ్డ జనం గుర్తొస్తారు.

కట్టకు నీటి వైపు పరిచే ఈ రాతి పరుపును ఇప్పుడు రివిట్‌మెంట్ అంటున్నారు. చూడటానికి రాళ్ళు వరసగా పేర్చినట్టే ఉంటుంది. అందులో మూడు మర్మాలున్నాయి.

మొదటిది, రాయి కింద కంకర. నేరుగా మట్టి మీద రాయి పెడితే అల వెనక్కి పోయేటప్పుడు రాళ్ళ సందుల్లోంచి మట్టిని పీల్చుకుపోతుంది. పైన రాయి అలాగే ఉంటుంది, కింద బోలు పడుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి రాయి కూలుతుంది. అందుకే మట్టి మీద ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద రాయి. మట్టి బయటికి రాదు, నీళ్ళు మాత్రం వచ్చిపోతాయి.

రెండోది, పాదం. కింద నేలలోకి దిగేసిన పెద్ద రాళ్ళ వరస గట్టిగా లేకపోతే పైనున్న పరుపంతా జారిపోతుంది. గోనెసంచులు దొంతరగా పేర్చినప్పుడు అడుగు సంచి జరిగితే ఏమవుతుందో మిల్లు గోడౌన్‌లో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

మూడోది, రాయికి రాయి పట్టు. ఎంత పెద్ద రాయి అయినా ఒంటరిగా ఉంటే అల దాన్ని దొర్లిస్తుంది. అదే రాయి పక్కరాయితో బిగిసి ఉంటే కదలదు. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పెట్టిన రోజున మన తాతలు తెలుసుకున్నదీ ఇదే.

ఇవన్నీ చేశాక కూడా కట్టను నీటిమట్టం కన్నా ఎత్తుగా పెంచుతారు. వాలు మీద అల తన ఎత్తు కన్నా పైకే పాకుతుంది కాబట్టి, అలెత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎత్తు అదనంగా వదలాలని లెక్క. నీళ్ళు కట్ట మీదుగా పొర్లితే వెనక వైపు మట్టి కొట్టుకుపోతుంది. అటు వైపు రాయి ఉండదు. గండి పడేది అలాగే.

అల ఒడ్డుకు రాకముందే విరిచేస్తే?

రివిట్‌మెంట్ అంటే ఒడ్డుకు కవచం తొడగడం. ఇంకో ఉపాయం ఉంది. ఒడ్డుకు కాస్త దూరంగా, నీళ్ళలోనే రాళ్ళతో ఒక గట్టు పోయడం. అల ముందు ఆ గట్టుకు తగిలి విరుగుతుంది, విరిగిన అల మెత్తగా ఒడ్డుకు చేరుతుంది. దీన్ని బ్రేక్‌వాటర్ అంటారు. పేరులోనే ఉంది, నీటిని విరిచేది.

ఇది గోడలా నున్నగా ఉండదు. లోపల చిన్న రాళ్ళు, వాటి మీద ఓ మోస్తరు రాళ్ళు, పైన టన్నుల బరువున్న బండలు. వాటి మధ్య సందులు కావాలనే వదులుతారు. అల ఆ సందుల్లోకి దూరి, చీలి, నురగై తన బలం తానే పోగొట్టుకుంటుంది. నున్నటి గోడ కడితే అల గుద్దుకుని వెనక్కి తిరుగుతుంది, తిరిగేటప్పుడు గోడ పాదం దగ్గర నేలను తవ్వుతుంది. మగ్గం నడిపినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. షటిల్ అంత వేగంగా వచ్చి పెట్టెలో ఆగాలంటే చివర చెక్క పెడితే పగులుతుంది, లేదా షటిల్ వెనక్కి తుళ్ళుతుంది. అందుకే అక్కడ తోలు పెడతారు. తోలు షటిల్ జోరును మింగేస్తుంది. బ్రేక్‌వాటర్ రాళ్ళ సందులు చేసే పనీ అదే.

అల ఎత్తు సగానికి తగ్గితే దాని బలం సగం కాదు, నాలుగో వంతుకు తగ్గుతుంది. అంటే అలను పూర్తిగా ఆపనక్కరలేదు, కాస్త తగ్గించినా ఒడ్డుకు ఎంతో మేలు.

చెరువుకు ఇలాంటి గట్లు వేసి పెద్ద ఎత్తున చేసి చూసినవాళ్ళు అమెరికావాళ్ళు. అక్కడ ఈరీ అనే మంచినీటి సరస్సు ఉంది. చెరువంటే మన చెరువు కాదు, అవతలి ఒడ్డు కనిపించదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆ సరస్సులోకి చొచ్చుకుపోయిన ప్రెస్క్ ఐల్ అనే ఇసుక దిబ్బ ఉంది. అలలు దాన్ని ఏళ్ళ తరబడి తినేస్తుంటే 1989 నుంచి 1992 లోపు ఒడ్డుకు ఎదురుగా 55 రాతిగట్లు వేశారు. ఒక్కొక్కటి 150 అడుగుల పొడవు, గట్టుకూ గట్టుకూ మధ్య 350 అడుగుల ఖాళీ. ఒకే పొడుగు గోడ ఎందుకు కట్టలేదు? ఒడ్డున ఇసుక కదలాలి, నీళ్ళు మారాలి, అందుకు. గట్టు వెనక నీడ పట్టిన చోట నీళ్ళు నెమ్మదించి ఇసుక పేరుకుంటుంది. ఖాళీల్లోంచి కొంత ఇసుక పక్కకు పోతుంది, పోనిస్తారు. అయినా ఆ ఒడ్డుకు బయటి నుంచి ఇసుక తెచ్చి పోయడం వాళ్ళు మానలేదు. రాయి కోతను తగ్గిస్తుంది గానీ ఇసుకను పుట్టించదు.

ఆ ఇసుక సంగతి దగ్గరే మన మద్రాసు కథ మొదలవుతుంది.

హార్బర్ గోడ, రెండు పక్కలు

మన నేతవాళ్ళ బట్ట సీమకు పోయే రోజుల్లో మద్రాసుకు హార్బర్ లేదు. ఓడ దూరంగా నిలబడేది. బేళ్ళు మసూలా పడవల్లో అలలు దాటించి ఎక్కించేవారు. పడవ తిరగబడితే బేళ్ళూ పోయేవి, మనుషులూ పోయేవారు. అందుకని సముద్రంలోకి రాతిగోడలు కట్టి మధ్యలో ఓడలకు ప్రశాంతమైన నీళ్ళు ఏర్పాటు చేయాలనుకున్నారు. విలియం పార్క్స్ అనే ఇంజనీరు వేసిన పథకానికి 1875 డిసెంబరులో వేల్సు యువరాజు శంకుస్థాపన చేశాడు. ఆ మరుసటి ఏడే బకింగ్‌హామ్ మిల్లు కంపెనీ పుట్టింది. మిల్లూ హార్బరూ ఒక ఈడువే. గోడలు దాదాపు పూర్తి కావచ్చాయనగా 1881 నవంబరులో తుఫాను వచ్చి వాటిని చితక్కొట్టింది. మళ్ళీ కట్టారు. తరవాత సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హార్బర్ చైర్మన్‌గా ఉన్న కాలంలో తూర్పున ఉన్న ద్వారం మూసి ఈశాన్యానికి మార్చారు, ఎందుకంటే ఓడల దారికి ఇసుక అడ్డొస్తోంది.

ఇసుక ఎక్కణ్ణుంచి వచ్చింది? మన తూర్పు తీరంలో అలలు ఒడ్డుకు నేరుగా రావు, కాస్త ఏటవాలుగా వస్తాయి. అలా వచ్చిన ప్రతి అలా కాస్త ఇసుకను పక్కకు జరుపుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ జరుగుడు దక్షిణం నుంచి ఉత్తరానికి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొన్నాళ్ళు వెనక్కి పోతుంది. మొత్తం మీద ఇసుక ఉత్తరానికే ప్రయాణం చేస్తుంది. తీరం పొడవునా అది కనిపించని నది. ఆ నదికి అడ్డంగా హార్బర్ గోడ పడింది.

గోడకు దక్షిణాన ఇసుక ఆగిపోయింది, పేరుకుంది, ఏళ్ళ తరబడి పేరుకుంటూ పోయింది. అంతకు ముందు అంత విశాలమైన ఇసుక మేట అక్కడ లేదు. మనం ఆదివారం పిల్లలను తీసుకుపోయి సుండలు కొనిపెట్టే మెరీనా బీచి అంత వెడల్పు కావడానికి ఆ గోడే కారణం.

గోడకు ఉత్తరాన ఇసుక రావడం ఆగిపోయింది. అల మాత్రం ఆగలేదు. వచ్చే ఇసుక లేదు, పోయే ఇసుక పోతూనే ఉంది. రాయపురం నుంచి కాశిమేడు, తిరువొత్తియూరు, ఎన్నూరు దాకా ఒడ్డు కోసుకుపోయింది. ఆ వైపు పేటల్లో పెద్దవాళ్ళను అడిగితే నీళ్ళ వైపు చెయ్యి చూపించి, ఇక్కడ ఒక వీధి ఉండేది, అక్కడ గుడి ఉండేది అంటారు. ఎన్నూరు రోడ్డు మీదికే అలలు వచ్చేవి. ఒడ్డు పొడవునా బండరాళ్ళు తెచ్చి పోశారు. ఆ తరవాత ఒడ్డు నుంచి సముద్రంలోకి చేతులు చాపినట్టు అడ్డగట్లు వేశారు. వాటిని గ్రోయిన్లు అంటారు. వాటి మధ్య కొన్ని చోట్ల ఇసుక నిలిచింది. కానీ బండరాళ్ళు పోసిన చోట పడవ లాగి పెట్టుకోవడానికీ, వల ఆరబెట్టుకోవడానికీ, చేప ఎండబెట్టుకోవడానికీ ఇసుక నేల మిగల్లేదు. ఇల్లు మిగిలింది, బతుకుతెరువు చోటు పోయింది.

తరవాత ఇంకా ఉత్తరాన ఎన్నూరులో, కాట్టుపల్లిలో ఓడరేవులు వచ్చాయి, మళ్ళీ గోడలు పడ్డాయి. ఇప్పుడు వాటికి ఉత్తరాన, పులికాట్ సరస్సు వైపు ఊళ్ళు అదే మొర పెట్టుకుంటున్నాయి. పులికాట్ అవతలి వైపు మన సూళ్ళూరుపేట, తడ. సముద్రానికీ సరస్సుకూ మధ్య ఉన్నది సన్నటి ఇసుక పట్టీ మాత్రమే. అది తెగితే సరస్సు ఒడ్డుకూ దిక్కు లేదు. సముద్రపు కోత, చెరువు కోత అని మనం వేరు చేసి చెప్పుకుంటాం గానీ పులికాట్‌లో ఆ రెండూ ఒకే ఇంటి సమస్య.

హార్బర్ కట్టకూడదని ఎవరూ అనరు. హార్బర్ కూలి డబ్బులతో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. మిల్లులో నేసిన కాకీ బట్ట ఆ హార్బర్ నుంచే పోయింది. అయితే దక్షిణాన మేట వేసిన ఇసుక ఉత్తరాన వాళ్ళ సొత్తు. వాళ్ళకు చేరాల్సింది మధ్యలో ఆగింది. ఆ లెక్క చాలా కాలం ఎవరూ రాసుకోలేదు, అదే తప్పు.

విశాఖలో, ఉప్పాడలో

లెక్క రాసుకున్న చోటు కూడా ఉంది. విశాఖపట్నం హార్బర్ 1933లో తెరిచినప్పుడు దాని నోటి దగ్గర దక్షిణం వైపు రెండు పాత ఓడలను ముంచి బ్రేక్‌వాటర్‌గా చేశారు. వాటి పేర్లు జేనస్, విల్లెస్‌డెన్. ఓడను ఓడ కోసమే ముంచారన్న మాట. ఇసుక అక్కడ కూడా దక్షిణాన ఆగుతుంది. ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తవ్వి తీసి, ఉత్తరాన రామకృష్ణా బీచి వైపు పోయడం అక్కడ ఉన్న పద్ధతి. అది సరిపోతోందా అంటే ఆ బీచికీ కోత తప్పలేదు. అయినా పక్క ఒడ్డుకు ఇసుక బాకీ ఉన్నామని ఒప్పుకున్న పద్ధతి అది.

కాకినాడ పక్కన ఉప్పాడ ఉంది. జాందానీ చీరలు నేసే ఊరు. మన చింతాద్రిపేట లాగే మగ్గం మీద బతికిన ఊరు. అక్కడ సముద్రం ఇళ్ళను తింటూ, బీచి రోడ్డును కోస్తూ వస్తోంది. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులు పరిచి, వాటి మీద రాయి వేసి గోడ కట్టారు. కొన్నాళ్ళు కాపాడింది. తరవాత తుఫానులకు సంచులు చిరిగాయి, రాళ్ళు జారాయి. ఒకసారి కట్టి వదిలేస్తే ఏ గట్టూ నిలవదు. మగ్గానికి నూనె వేసినట్టు గట్టుకు ఏటేటా రాయి వేస్తూ ఉండాలి.

మన చేతిలో ఏముంది?

ఇదంతా ఇంజనీర్ల పని, మనకెందుకు అనిపించవచ్చు. మిల్లు మూతపడ్డాక మన కుటుంబాలు చాలావరకు కొరట్టూరు, అంబత్తూరు, రెట్టేరి, మాధవరం, రెడ్‌హిల్స్ వైపు సర్దుకున్నాయి. ఇవన్నీ చెరువుల పక్క ఊళ్ళే. పండక్కి పోయే చిత్తూరు, నెల్లూరు పల్లెల్లోనూ చెరువులే. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడి, కింద పల్లెల జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. అది అల వల్ల కాదు, నీటి ఊట వల్ల. కానీ కట్టను కనిపెట్టుకుని ఉండడం ఎంత అవసరమో ఆ రెండు మూడు రోజులు అందరికీ తెలిసింది.

కట్ట పక్కన ఉండేవాళ్ళు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

నీటి వైపు రాతి పరుపులో గుంట పడిందా చూడండి. పైన రాళ్ళు సరిగ్గానే ఉండి ఒక చోట మాత్రం కుంగితే కింద మట్టి పోయినట్టు. నీళ్ళు తగ్గిన ఎండాకాలంలోనే ఇది కంటికి కనబడుతుంది, బాగుచేయడానికీ అదే కాలం.

నీటిమట్టం దగ్గర కట్ట మెట్టులా కోసుకుపోయిందా చూడండి. అల ఒకే ఎత్తులో నెలల తరబడి కొట్టిన గుర్తు అది. ఆ మెట్టు మీద నిలువుగా మిగిలిన మట్టి వచ్చే వానకు కూలుతుంది.

వెనక వైపు ఊట చూడండి. తేట నీళ్ళు సన్నగా ఊరితే కనిపెట్టుకుని ఉండాలి. బురదనీళ్ళు వస్తే ఆగకూడదు, అప్పటికప్పుడు నీటి వనరుల శాఖ వాళ్ళకూ, ఊరి పెద్దలకూ చెప్పాలి. ఎలుక బొరియలు, పీత బొరియలు చిన్నవని వదలకండి.

కట్ట రాళ్ళను ముట్టుకోవద్దు. ఇంటి మెట్టుకు ఒక రాయి, బట్టలుతకడానికి ఒక రాయి, పునాదికి నాలుగు రాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకుపోతే పట్టు తప్పిన చోట అల మొదలుపెడుతుంది. తీసుకుపోయినవాడి ఇల్లే కట్ట కింద ఉండడం మన కర్మ.

కట్ట మీద పెద్ద చెట్లు నాటొద్దు, వాటి వేర్లు చచ్చాక సొరంగాలవుతాయి. కట్టకు దూరంగా, నీటి అంచున పెరిగే జమ్ము, తుంగ వేరు సంగతి. అవి చిన్న అలను మెత్తబరుస్తాయి. శుభ్రం చేస్తున్నామని చెరువు అంచు మొత్తం చెక్కేస్తే ఖర్చు లేని ఆ అడ్డు పోతుంది. మరీ కమ్ముకుంటే తగ్గించాలి గానీ మొత్తం పీకేయకూడదు.

ఇంకొకటి, అడగవలసినది. మన ఊరి ఒడ్డున గోడ కడతామని, గట్టు వేస్తామని అధికారులు మీటింగు పెట్టినప్పుడు సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ రాయి వేస్తే ఇసుక ఎక్కడ ఆగుతుంది? పక్క ఊరి ఒడ్డుకు ఏమవుతుంది? పదేళ్ళ తరవాత దీన్ని బాగుచేసే డబ్బు ఎవరిస్తారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే కడుతున్నది సగం పనే. 1876లో రాయపురం వాళ్ళను ఈ ప్రశ్నలు అడగనివ్వలేదు. అడిగినా వినేవాళ్ళు లేరు. ఇప్పుడు మీటింగులో కూర్చునే హక్కు మనకుంది, నోరుంది.

చింతాద్రిపేటలో రేపు పొద్దున కూడా బిందెలు మోగుతాయి, చేపల గంపలు దిగుతాయి. నీళ్ళు పడుతున్నప్పుడు ఎక్కడో ఒక మట్టికట్ట మీద రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉన్నాయని గుర్తుంచుకుందాం. చేప బేరమాడేటప్పుడు, అమ్మే అక్క ఇంటి ముందు ఒడ్డు ఎంత మిగిలిందని ఒక్కసారి అడుగుదాం. రూపాయి తగ్గించమనే ముందు ఆ మాట అడిగితే తప్పేం లేదు.